వార్తల్లో పదం: సార్కోపీనియా

వయసు పైబడేకొద్దీ కండ, దాంతోపాటు బలమూ తగ్గిపోవడమే సార్కోపీనియా. 1980ల చివర్లో అమెరికా పోషకాహార నిపుణుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ పెట్టిన పేరిది.

ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ పోతుంది. అరవై తర్వాత వేగం ఇంకా పెరుగుతుంది. వీపులో ఈ నష్టం కంటికి కనిపించదు. వెన్నుపూసలను అంటిపెట్టుకుని వాటిని నిలకడగా ఉంచే మల్టిఫిడస్ కండరం సన్నబడి, ఆ చోట కొవ్వు చేరుతుంది. దాంతో భారం డిస్కుల మీద, వెన్ను కీళ్ల మీద పడుతుంది. నడుం నొప్పి, ముందుకు వంగిపోవడం, తూలి పడటం అలా మొదలవుతాయి.

దివిసీమలో, గుడివాడ వైపు ఏళ్ల తరబడి వంగి నాట్లేసిన ఆడవాళ్లు నడుం నొప్పిని అరుగుదల అనే అనుకుంటారు. అదీ నిజమే కావచ్చు. కానీ చేను మాని మంచానికి అతుక్కుపోతే ఉన్న కండ కూడా కరుగుతుంది. బెజవాడ అపార్ట్‌మెంట్లలో రోజంతా టీవీ ముందు గడిపే పెద్దలదీ ఇదే ముప్పు. ఇక తిండి: కంచంలో అన్నం గుట్టగా, పప్పు చెంచాడు. డెల్టాలో వరి కోశాక పండించే మినుములు, పెసలే కండకు కావలసిన మాంసకృత్తులకు మంచి ఆధారం. గుడ్డు, చేప, పెరుగు సరేసరి.

చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే సార్కోపీనియా ఉందేమోనని అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో సూచించింది. మీ అమ్మానాన్నల పక్కనే నిలబడి, ఈ వారమే ఆ పరీక్ష చేయించండి.