ఊపిరికీ కౌంట్‌డౌన్ కావాలి

శ్రీహరికోటలోని షార్‌లో రాకెట్ ఉందంటే సూళ్లూరుపేటలో మేడలెక్కి తూర్పు దిక్కుకు చూడటం మామూలే. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం టీవీ-డీ1 మాత్రం అనుకున్న వేళకు లేవలేదు. ఇంకో 5 సెకన్లు ఉందనగా కంప్యూటరు ఏదో తేడా పసిగట్టి కౌంట్‌డౌన్ ఆపేసింది. లోపమేమిటో చూసుకుని, సరిచేసి, 10 గంటలకు వదిలారు. సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున విడివడిన, వ్యోమగాముల కోసం ఉద్దేశించిన మాడ్యూల్ పారాచూట్ల సాయంతో దిగివచ్చి, తీరానికి 10 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో పడింది.

అక్కణ్నుంచి పని నౌకాదళ డైవర్లది. మాడ్యూల్ నీళ్లలో తలకిందులుగా తేలుతోంది. ఐఎన్‌ఎస్ శక్తి సిబ్బంది, డైవర్లు కలిసి దాన్ని ఓడమీదికి చేర్చారు. రేపు అలాంటి మాడ్యూల్‌లో మనుషులే ఉంటారు. సముద్రంలో వాళ్ల దగ్గరికి ముందుగా చేరాల్సిన వాళ్లు ఈ డైవర్లే. వాళ్ల తొలి జట్టుకు 2023లోనే కొచ్చిలోని ఐఎన్‌ఎస్ గరుడలో తర్ఫీదు ఇచ్చారు. వ్యోమగాముల గురించి మనం ఎంతో చదువుతాం. వాళ్లను అందుకునే డైవరు ఏ పరికరంతో ఊపిరి పీలుస్తాడో, అది మొరాయిస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. విశాఖ రుషికొండలో సరదాగా స్కూబాకు దిగే మన పిల్లలు నోట పెట్టుకునేదీ దాదాపు అదే పరికరం.

ఫ్రాన్స్‌లో 1943లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన ఆక్వాలంగ్ దీనికి మూలం. వీపున సిలిండర్. అందులో 200 బార్ ఒత్తిడితో కుక్కిన గాలి, అంటే మన చుట్టూ ఉండే ఒత్తిడికి రమారమి రెండువందల రెట్లు. అది నేరుగా నోట్లోకొస్తే ఊపిరితిత్తులు చీలిపోతాయి. అందుకే రెగ్యులేటర్ రెండు అంచెల్లో తగ్గిస్తుంది. సిలిండర్ మెడకు బిగించే మొదటి అంచెలో ఒత్తిడి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికన్నా పది బార్లు ఎక్కువనేంతకు దిగుతుంది. నోట్లో పెట్టుకునే రెండో అంచెలో సరిగ్గా నీటి ఒత్తిడికి సమానమవుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, లోతుకు తగ్గట్టు గాలి చిక్కదనాన్ని ఈ పరికరం తనంతట తానే మార్చుకుంటుంది.

నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది రెండో అంచెలోని వాల్వు. ఊపిరి పీల్చగానే ఒక పల్చని రబ్బరు పొర లోపలికి వంగి చిన్న మీటను నొక్కుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. దాన్ని మూసి ఉంచేది ఓ స్ప్రింగు. గాలి ఒత్తిడి మాత్రం ఎప్పుడూ దాన్ని తెరిచే వైపుకే తోస్తుంటుంది. మొదటి అంచెలో ఏదైనా అరిగి ఒత్తిడి అదుపు తప్పిందనుకోండి, స్ప్రింగు ఓడిపోతుంది, వాల్వు తెరుచుకుని గాలి బుసబుసా వచ్చేస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది. కానీ డైవరుకు గాలి అందుతూనే ఉంది! పాడైతే మూసుకుపోకుండా తెరుచుకునేలా కావాలనే అలా కట్టారు. మౌత్‌పీస్‌ను పెదవులతో గట్టిగా బిగించకుండా, ఎక్కువైన గాలిని పక్కలకు వదిలేస్తూ, కావలసినంతే పీల్చుకుంటూ పైకి వచ్చెయ్యాలి. సిలిండర్ కొద్ది నిమిషాల్లోనే ఖాళీ అవుతుంది కనుక ఆలోచిస్తూ కూర్చునే సమయం ఉండదు. శిక్షణలో దీన్ని తప్పకుండా సాధన చేయిస్తారు.

మరి ప్రాణాలు పోయేది ఎక్కడ? సరదా డైవింగ్‌లో జరిగిన 947 మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. ప్రమాదానికి నాంది పలికిన కారణం తెలిసిన వాటిలో 41 శాతం గాలి చాలకపోవడమే. నీటి అడుగున ఏదో ఒకదానికి చిక్కుకుపోవడం 20 శాతం. పరికరాల ఇబ్బంది 15 శాతం. ఈ లెక్క చూసి పరికరాలది చిన్న సంగతే అనుకోకూడదు. గాలి చాలకపోవడం వెనక, సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో చూపే గేజ్‌ను చూడకపోవడం గాని, సరిగా తెరవని వాల్వు గాని ఉండొచ్చు. మామూలు సిలిండర్‌లో సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 30 మీటర్ల లోతున అదే ఊపిరికి 80 లీటర్లు ఖర్చవుతుంది. అరగంటైనా రాదు. భయపడి ఎగపోస్తే అందులో సగం కూడా రాదు.

సిలిండర్ వాల్వు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ తప్పు పైనున్నప్పుడు బయటపడదు. వాల్వును పూర్తిగా తెరిచి, మళ్లీ కొంచెం వెనక్కి తిప్పడం పాతకాలపు అలవాటు. సాయం చేసే మనిషి తిప్పాల్సిన వైపు పొరబడితే, పూర్తిగా మూసి, కొంచెం తెరిచినట్టవుతుంది. పడవమీద రెండు ఊపిర్లు పీల్చి చూస్తే గాలి చక్కగానే వస్తుంది. గేజ్ కూడా నిండుగా చూపిస్తుంది. 20 మీటర్ల దిగువన ఒక్కో ఊపిరికీ మూడింతల గాలి కావాలి, ఆ సన్నని సందులోంచి అంత రాదు. సిలిండర్ నిండా గాలి ఉంటుంది, మనిషికి ఊపిరాడదు. పడవమీదే దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. గేజ్ ముల్లును చూస్తూ నాలుగైదు ఊపిర్లు గట్టిగా పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి మళ్లీ లేస్తుంటే వాల్వు సరిగా తెరవలేదన్నమాట. గట్టిగా పీల్చేది అర నిమిషం పని. దాన్ని వదిలేయడానికి ఏ తొందరా సాకు కాదు.

ఇక ఓ-రింగ్. సిలిండర్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్య గాలి కారకుండా ఆపేది ఈ చిన్న రబ్బరు చుట్టే. వంటింట్లో కుక్కర్ మూత రబ్బరు గట్టిపడితే పక్కల నుంచి ఆవిరి కక్కుతుందే, ఇదీ అంతే. ఎండకు, ఉప్పుకు బీటలు వారిన రింగును డైవ్‌కు ముందే తీసి పారెయ్యాలి. రాకెట్లతో కలిసి బతికే సూళ్లూరుపేటకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. 1986 జనవరి 28న చలికి బిగుసుకుపోయిన ఓ-రింగ్ వల్ల అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ కూలి ఏడుగురు చనిపోయారు.

గొట్టాల విషయంలో చాలామంది పొరబడతారు. గేజ్‌కు వెళ్లే గొట్టంలో సిలిండర్‌లోని పూర్తి ఒత్తిడి ఉంటుంది కాబట్టి అది తెగితే గాలంతా ఇట్టే పోతుందనుకుంటారు. నిజానికి అది బిగించే చోట సూదిమొనంత రంధ్రమే ఉంటుంది, అందుకే గాలి నెమ్మదిగా పోతుంది. తక్కువ ఒత్తిడి గొట్టం తెగితేనే గాలి వేగంగా ఖాళీ అవుతుంది. గొట్టం చివర్లు వంచి ఉబ్బు, పగుళ్లు వెతకడం అందుకే.

రెండో మౌత్‌పీస్ ఉంది కదా అని ధైర్యపడటమూ సరికాదు. పసుపుపచ్చ గొట్టంతో ఉండే ఆ అదనపు మౌత్‌పీస్ కూడా అదే మొదటి అంచెకు, అదే సిలిండర్‌కు తగిలించి ఉంటుంది. అసలైన రెండో ఆధారం పక్కనున్న జోడీ డైవరు, అదీ చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంటేనే.

నీళ్లలో తేలేందుకు డైవరు తొడుక్కునే గాలి జాకెట్‌లోకి గాలి వదిలే మీట ఉప్పు పేరుకుని ఇరుక్కుపోతే జాకెట్ తనంతట తానే ఉబ్బి మనిషిని పైకి ఎగదోస్తుంది. 10 మీటర్ల నుంచి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవుతుంది. ఊపిరి బిగపట్టి ఉంటే అవి చీలిపోతాయి, నిండా గాలి పీల్చి బిగపడితే 2 మీటర్ల లోతు కూడా చాలు. వెంటనే జాకెట్‌కు గాలి తెచ్చే గొట్టాన్ని ఊడదీసి, జాకెట్‌లోని గాలి వదిలి, ఊపిరి విడుస్తూ ఉండాలి. ఇదంతా రాకుండా చేసే పని చాలా చవకైనది. ప్రతి డైవ్ తర్వాతా పరికరాలను మంచినీళ్లలో నానబెట్టి, జాకెట్ లోపల కూడా కడగాలి. అలా నానబెట్టినప్పుడు మౌత్‌పీస్ మీది బొత్తాం నొక్కకూడదు, నొక్కితే నీళ్లు లోపలికి పోతాయి.

కంటికి కనబడని లోపం ఒకటి మిగిలింది. గాలి నింపే కంప్రెసర్ ఇంజను పొగ దగ్గర నుంచి గాలి లాగితే కార్బన్ మోనాక్సైడ్ కూడా సిలిండర్‌లో చేరుతుంది. దానికి వాసన లేదు. 30 మీటర్ల లోతున దాని ప్రభావం నాలుగింతలు. రుషికొండలో గాని, మరెక్కడ గాని దిగేముందు కంప్రెసర్ ఎక్కడుందో, దాని ఫిల్టరు ఎప్పుడు మార్చారో అడగండి. సిలిండర్ భుజం మీద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి, చదవండి. చాలా దేశాల్లో 5 ఏళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష తప్పనిసరి. ఆ తేదీ చెరిగిపోయి ఉన్నా, పాతబడిపోయినా వేరే సిలిండర్ ఇమ్మనండి. ఇవ్వకపోతే ఆ రోజుకు దిగొద్దు.