లోనా బయటా: పందెం లెక్క

అందర్ బాహర్ అని ఆన్‌లైన్ కేసినోల్లో కనిపించే ఆట తెలుగువారికి తెలిసిన లోనా బయటానే. ఇంతకంటే సులువైన పేకాట లేదు. డీలరు 52 ముక్కల పేక కలిపి ఒక ముక్కను తిప్పి మధ్యలో పెడతాడు. అది ఇస్పేటు ఎనిమిది అనుకుందాం. ఆడేవాళ్లు లోన పక్కకో బయట పక్కకో పందెం కాస్తారు. తర్వాత డీలరు లోనికొకటి, బయటికొకటి ముక్కలు వేసుకుంటూ పోతాడు. మిగిలిన మూడు ఎనిమిదుల్లో ఒకటి ఏ పక్కన ముందు పడితే ఆ పక్కది గెలుపు. సగటున 13వ ముక్కకు ఆట తేలుతుంది. ఎంత సాగినా 49 దాటదు.

చూడ్డానికి చెరి సగం అవకాశం ఉన్నట్టుంటుంది గానీ లేదు. మొదటి ముక్క లోన పడుతుంది. అప్పటికి పేకలో 51 ముక్కలు, అందులో మూడు ఎనిమిదులు. అంటే 17లో ఒక వంతు అవకాశం లోన పక్కకు ముందే దక్కింది. బయట పక్కకు వంతు రావాలంటే ఆ ముక్క తప్పాలి. ప్రతి జతలోనూ ఇదే మొగ్గు. మూడు ఎనిమిదులు 51 స్థానాల్లో పడగల తీర్లు 20,825. వాటిలో 10,725 తీర్లలో లోన పక్క గెలుస్తుంది. అది 51.5 శాతం. మిగతా 48.5 శాతం బయటది. కొన్ని చోట్ల మొదటి ముక్క బయట వేస్తారు. అప్పుడు ఈ మొగ్గూ అటే పోతుంది.

ఈ తేడా తెలిసే కేసినో చెల్లింపు తగ్గిస్తుంది. మామూలుగా లోన గెలిస్తే 100 రూపాయల పందేనికి 90, బయట గెలిస్తే 100 లాభం ఇస్తారు. లెక్క కడితే ప్రతి 100 పందెం మీద లోన సగటున 2.15 రూపాయలు, బయట 3 రూపాయలు పోతాయి. చిన్న మొత్తాలే అనిపిస్తాయి. కానీ ఆన్‌లైన్‌లో ఒక ఆట నిమిషంలోపే ముగుస్తుంది. వంద రూపాయల చొప్పున వెయ్యి ఆటలు బయట కాస్తే సగటు నష్టం 3,000.

తెర మీద పాత ఫలితాల వరస చూపిస్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ప్రతి ఆటకూ పేక కొత్తగా కలుస్తుంది కాబట్టి అయిదుసార్లు లోన పడిందని ఆరోసారి బయట పడాలని లేదు. పోయినప్పుడల్లా పందెం రెట్టింపు చేసే పద్ధతి మరీ ప్రమాదం. బయట పక్క వరసగా ఏడుసార్లు ఓడే అవకాశం 104లో 1. వందతో మొదలుపెట్టినా అప్పటికి 12,700 పోయి ఉంటాయి. ఎనిమిదో పందేనికి 12,800 కావాలి. ఇదంతా వంద రూపాయల లాభం కోసం.

మధ్య ముక్కకు జత ఎన్నో ముక్కలోపు పడుతుందన్న అదనపు పందేలూ ఉంటాయి. అయిదు ముక్కల్లోపు తేలే అవకాశం 27 శాతం. పెట్టిన రూపాయితో కలిపి 3.69 తిరిగిస్తేనే సమం. అంతకు తగ్గిందంతా కేసినోదే.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటని ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కేసులో 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. లోనా బయటాకు ఆ వాదన పనికిరాదు. పందెం కాశాక ఆడేవాడి చేతిలో ఏమీ ఉండదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలు సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది.