కెర్నెల్ అనుకూలత

తెలుగు రైల్వే కుటుంబములు తరతరములుగా కాపురమున్న ఖరగ్‌పూర్ చెంత, హిజ్లీలో, 1930లో నిర్బంధ శిబిరముగా నెలకొన్న భవనమే 1951లో దేశమునందలి తొలి ఐఐటికి ఆశ్రయమయ్యెను. అచట పాత గోడలు నిలిచెను, లోపలి వ్యాపారము మారెను. కంప్యూటరునందు దీనికి విపర్యయముగా, అడుగున నిలిచి యంత్రమును నడుపు కెర్నెలే మారుచుండ, పైనున్న ప్యాకేజీలు చెదరక పనిచేయవలసియుండును.

ఉదాహరణకు, గూఢలిపికి వలయు యాదృచ్ఛికాంకెలను కెర్నెల్‌ను నేరుగా అడుగు ‘గెట్‌ర్యాండమ్’ అను పిలుపు 2014లో లినక్స్ కెర్నెల్ 3.17 కూర్పుతో వచ్చెను. పాత కెర్నెల్ దాని నెరుగదు గనుక ‘ఈనోసిస్’ అను దోషసంకేతమును మాత్రము త్రిప్పి పంపును. వివేకముగల ప్యాకేజీ అంతట కూలబడక, ‘దేవ్ యూర్యాండమ్’ అను పాత ఫైలును తెరచి, అందుండియే అంకెలను గ్రహించును. కూర్పు సంఖ్యను చూచి నిర్ణయించుటకంటె ఇట్లు అడిగి చూచుటయే మేలని నా తలంపు. ఏలయన, పంపిణీదారులు క్రొత్త సౌకర్యములను పాత సంఖ్యగల కెర్నెళ్లలోనికి తరచుగా చేర్చుచుందురు.

నడచుచున్న ప్రోగ్రామును క్రొత్త కెర్నెల్ చెరుపరాదని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ పట్టుదల. ప్యాకేజీల ఔదార్యమునకు మాత్రము హద్దు కలదు: ప్రోగ్రాములకు ఆధారమగు సి లైబ్రరీయైన జీలిబ్‌సి 2.26 కూర్పు 2017లో, 3.2కు పూర్వపు లినక్స్ కెర్నెళ్లను పూర్తిగా విడిచినది. అట్టి కెర్నెళ్లు గల యంత్రములవారు పాత జీలిబ్‌సితోనే సరిపుచ్చుకొనవలయును.