అర్బయీన్ సరస్సు ఒడ్డున జాలరి పల్లె

పిల్లలూ! అమ్మానాన్నలతో కలిసి బంగారం కొనడానికో, బట్టలు కొనడానికో మీరంతా బలద్‌కి వెళ్ళే ఉంటారు. ఆ పాత ఊరి పక్కనే, ఎత్తయిన భవనాల నడుమ ఒక నీటిమడుగు కనిపిస్తుంది. దాని పేరు బుహైరతుల్ అర్బయీన్. బడిలో అరబ్బీ చదువుతున్నారు కాబట్టి అర్థం మీరే చెప్పగలరు: బుహైరా అంటే సరస్సు, అర్బయీన్ అంటే నలభై. నిజానికది ఎర్రసముద్రం లోపలికి చొచ్చుకు వచ్చి ఏర్పడిన ఉప్పునీటి సరస్సు. మన పులికాట్ లాంటిదే, కాకపోతే బాగా చిన్నది.

ఇంత పెద్ద జెద్దా మొదట ఈ తీరాన చేపలు పట్టుకునేవారి పల్లె. ఖుదాఆ అనే తెగవారు ఇక్కడ మొదట స్థిరపడ్డారని పాత కథనం. క్రీ.శ. 647లో ఖలీఫా ఉస్మాన్ దీనిని మక్కాకు రేవుగా చేశారు. అంతకుముందు ఓడలు దక్షిణాన ఉన్న షుఐబాలో ఆగేవి. అప్పటినుంచి పల్లె పట్నమయింది.

మరి ఆ జాలరుల ఇళ్ళేవీ? మిగలలేదు. 1183లో ఇక్కడికి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్, ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు రెల్లుతో కట్టినవేనని రాశాడు. రెల్లు గుడిసె వందల ఏళ్ళు నిలవదు కదా! నిలిచినవి షావుకార్ల రాతి మేడలు. ఆ రాయి కూడా ఈ సరస్సు ఇచ్చిందే. పగడపు దిబ్బల నుంచి తవ్వితీసిన ఆ రాయిని ఇక్కడివారు మన్ఖబీ అంటారు. తేలికగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. ఉప్పుతేమ దాన్ని తినేస్తుంది కాబట్టి పైన సున్నం పూత తప్పనిసరి. రాళ్ళ వరుసల మధ్య అక్కడక్కడా అడ్డంగా కర్రదూలాలు పెట్టి, గోడ బరువు సమంగా పడేలా చేశారు.

ఈ పాత ఊరిని యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తరువాత జరిగిన తవ్వకాల్లో దొరికిన సుమారు 25,000 శకలాల వివరాలను 2024లో ప్రకటించారు. వాటిలో కుండపెంకులు 11,405. జంతువుల ఎముకలూ దాదాపు అన్నే. సముద్రజీవుల పెంకులు 1,730. నాకు మాత్రం మేడలకన్నా ఈ పెంకులే ఎక్కువ విలువైనవనిపిస్తుంది. పేరు తెలియని మామూలు మనుషుల బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి ఇటువంటివే కదా మిగిలింది.

ఇంకో విశేషం. ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ మసీదులోని నల్లచేవ కర్ర స్తంభాలు 7, 8 శతాబ్దాల నాటివని, ఆ కర్ర సింహళం వైపుదని తేల్చారు. అంటే మన సముద్రం దాటి వచ్చిన కర్ర! మనవైపు నుంచీ రాకపోకలు ఉండేవి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్రసముద్రానికి బట్టలు, హజ్ యాత్రికులతో ఓడలు బయలుదేరేవి. మచిలీపట్నం పేరులోనూ చేప ఉందంటారు. దాని రెండో పేరు బందరు అంటే రేవు. పర్షియన్ నుంచి వచ్చిన ఈ మాటను అరబ్బులూ వాడతారు.

అయితే సరస్సు కథ అంత సంతోషకరమైనది కాదు. ఎన్నో ఏళ్ళు నగరపు మురుగునీరు అందులో చేరి, ముక్కు మూసుకోకుండా నడవలేని స్థితి వచ్చింది. కొల్లేరు ఎరిగిన పెద్దలకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. పాత ఊరి గోడలు 1947లో కూల్చేశారు. తరువాత ధనిక కుటుంబాలు ఉత్తరపు పేటలకు తరలిపోగా, ఆ మేడల గదుల్లో మన దేశం నుంచీ, ఇతర దేశాల నుంచీ పనికి వచ్చినవారు అద్దెకు దిగారు. సున్నం రాలిన ఇళ్ళు కొన్ని కూలిపోయాయి కూడా.

ఈసారి బలద్ వెళ్ళినపుడు పాత గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పూత ఊడినచోట రాయిని పరికించి చూస్తే పగడపు గళ్ళు, ఒక్కోచోట గవ్వ ఆకారాలు కనిపిస్తాయి. చూడండి గానీ గోటితో గీకకండి, ఇట్టే రాలిపోతుంది!