లావు పంపు... గట్టి పంపేనా?

ఉదయం ఏడున్నర. హనుమకొండలో ఓ ఇంటి ముందు బడి సంచీ తగిలించుకున్న పిల్లాడు సైకిలు స్టాండు తీశాడు. వెనక చక్రం చూస్తే నేలకు అతుక్కుపోయి ఉంది. పంక్చరేం కాదు. పది రోజులుగా గాలి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అంతే! వీధి చివర షాపు చూస్తే తొమ్మిదికి గానీ తెరవరు. 'ఏం కాదులే' అని అలాగే తొక్కుకుంటూ వెళితే గుంతలో పడ్డప్పుడు రిమ్ము కింద ట్యూబు నలిగి తెగుతుంది. ఇంట్లో ఒక పంపు ఉంటే రెండు నిమిషాల్లో తీరే పని... ట్యూబు మార్చేదాకా వస్తుంది.

అందుకే కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో కొట్టే పంపు ఇంటికొకటి ఉండటం మంచిది. కానీ ఏది కొనాలి?

ముందు చూడాల్సింది పంపును కాదు, సైకిలు వాల్వును. మామూలు సైకిళ్లకు ఉండేది లోపల సన్నని రబ్బరు గొట్టం తొడిగే పాతకాలపు వాల్వు. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న పశువైద్యుడు డన్లప్ పేరే దీనికీ ఉంది. గేర్ల సైకిళ్లలో చాలావాటికి మోటారుసైకిలు తరహా ష్రేడర్ వాల్వు ఉంటుంది. సన్న టైర్ల రేసు సైకిళ్లకు, కొసన చిన్న నట్టు వదులుచేసి గాలి కొట్టే ప్రెస్టా. కాజీపేట దగ్గరి నిట్ హాస్టళ్లలోలా రకరకాల సైకిళ్లున్నచోట, అన్నిటికీ సరిపోయే మూతి ఉన్న పంపే ఉపయోగం.

ఇక లావు సంగతి. పెద్ద గొట్టమైతే ఒక్కో పోటుకు ఎక్కువ గాలి వెళుతుంది, నిజమే. కానీ టైరు గట్టిపడేకొద్దీ పిడిని నొక్కడానికి అంత బలమూ కావాలి. టైరులో 40 పీఎస్ఐ ఒత్తిడి ఉందనుకుందాం. లోపలి వ్యాసం 3 సెంటీమీటర్లున్న పంపును నొక్కాలంటే దాదాపు 20 కిలోల బరువు వేయాలి. అదే 4 సెంటీమీటర్లయితే 35 కిలోలు! ఏడో తరగతి పిల్లాడు తన బరువంతా వేసినా దిగడం కష్టం. నాన్న ఊళ్లో లేని రోజున పనికిరాని పంపు ఎంత గట్టిదైతే మాత్రం ఏం లాభం? అందుకే కొనేటప్పుడు, రేపు గాలి కొట్టబోయేవాళ్లనే దుకాణానికి తీసుకెళ్లాలి.

అక్కడే ఓ చిన్న పరీక్ష. గొట్టం మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, పిడిని కిందికి నొక్కాలి. ఎదురు తన్నితే మంచి పంపు. మెల్లగా దిగిపోతుంటే వాషరులోనో అతుకులోనో గాలి పోతున్నట్టే. అడుగు ఇనుముదై, కాలు కదలకుండా ఆనాలి. రబ్బరు గొట్టం వంచి చూస్తే పగుళ్లు కనిపించకూడదు. పంపు విప్పి వాషరు మార్చుకునే వీలుందా అన్నదీ అడగాలి. తోలు వాషరైతే ఎండిపోకుండా అప్పుడప్పుడూ రెండు చుక్కల నూనె వేస్తే చాలు, ఏళ్లతరబడి పనిచేస్తుంది.

మీటరున్న పంపుకు ధర ఎక్కువ. గేర్ల సైకిలుకైతే ఆ ఖర్చు దండగ కాదు. టైరు పక్కన అచ్చువేసిన అంకె చూసి అంతవరకే కొట్టొచ్చు. పాతకాలపు వాల్వుకు మాత్రం మీటరు చూపేది టైరులోని అసలు ఒత్తిడి కాదు. అక్కడ బొటనవేలితో నొక్కి చూసుకోవడమే పద్ధతి.

ఆదివారం సాయంత్రం రెండు చక్రాలకూ ఐదు నిమిషాలు. అది కూడా తొక్కేవాళ్ల చేతే కొట్టిస్తే సరి... సోమవారం బడి గంటకు ముందే పిల్లాడు గేటు దాటుతాడు!