ఫోనులో కాపలా

గుడి బయట చెప్పులు అప్పగిస్తే అంకె వేసిన బిళ్ళ ఇస్తారు. తిరిగి వచ్చినప్పుడు అంకె కలిస్తేనే చెప్పులు మన చేతికి వస్తాయి. కొన్ని ఫోనులలో కూడా ఇటువంటి బిళ్ళలే ఉన్నాయంటే ఆశ్చర్యపోకండి!

ఫోను మెమరీ అంతా చిన్న చిన్న గదులు. ప్రోగ్రాము పొరపాటున తనది కాని గదిలో అడుగు పెట్టిందా, ఆ సందులోనుంచే దొంగలు దూరి మన ఉత్తరాలు, బ్యాంకు లెక్కలు కాజేయగలరు.

అందుకని గూగుల్ వారు 2012లో అడుగడుగునా తనిఖీ చేసే 'అడ్రస్ శానిటైజర్'ను వివరించారు. కాపలా గట్టిదే. కాని పని వేగం దాదాపు సగానికి పడిపోతుంది. గుమ్మం దాటిన ప్రతిసారీ తాళం వేసి తీస్తుంటే సంసారం సాగుతుందా?

2018లో ఆర్మ్ సంస్థ సగం బరువును చిప్పుకు ఎత్తే పద్ధతిని ప్రకటించింది. ప్రతి 16 బైట్ల గదికీ ఒక అంకె. ఆ గది చిరునామాకూ అదే అంకె. పంచిపెట్టడం ప్రోగ్రాము వంతు, సరిచూడడం చిప్పు వంతు. కలవకపోతే పని అక్కడితో ఆపివేయవచ్చు. 2023లో పిక్సెల్ 8 ఫోనులో ఈ సదుపాయం వచ్చింది.

ఉన్న అంకెలు పదహారే గనుక, ఎప్పుడైనా తప్పు బిళ్ళ కూడా కలవవచ్చు. అయినా నష్టం లేదు. బరువైన కాపలాను విసుగెత్తి మానేస్తాం. తేలికైనదే రోజూ నిలుస్తుంది.