మంచు మూసిన తిరుగుదారి: 'స్టారీ నైట్' నవలలో స్థలనిర్వహణ

పండుగ రోజులకోసం వెలువడే ఆంగ్ల ప్రణయనవలలను విమర్శకులు సాధారణంగా కాలక్షేప రచనలుగా పక్కన పెడతారు. వాటిలో స్థలం నిర్వహించే పాత్ర మాత్రం పరిశీలింపదగినది. అమెరికన్ రచయిత్రి డెబ్బీ మాకోంబర్ 2013లో ప్రచురించిన 'స్టారీ నైట్' ఇందుకు ఉదాహరణ. షికాగో పత్రికలో విందువినోదాల శీర్షిక రాసే క్యారీ స్లేటన్, గంభీరమైన వార్తలు రాసే అవకాశం కోసం, క్రిస్మస్ ముందు అలాస్కా అరణ్యానికి వెళుతుంది. అక్కడ ఒంటరిగా జీవించే ప్రసిద్ధ రచయిత ఫిన్ డాల్టన్ ఎవరికీ ఇంటర్వ్యూ ఇవ్వడు. మంచుతుఫాను ఆమెను అతని ఇంట్లోనే ఆపివేస్తుంది.

ఈ ఘట్టం తెలుగు పాఠకునికి 'మనుచరిత్ర'ను స్ఫురింపజేయక మానదు. హిమాలయపు మంచులో పాదలేపం కరిగిపోవడం వల్లనే గదా ప్రవరుడు వరూధిని ఎదుట పడ్డాడు! రెండు రచనల్లోనూ మంచు కేవలం వర్ణనావస్తువు కాదు. తిరుగుదారిని మూసి కథను నడిపే కారణం. భేదమంతా ఇంటి భావనలో ఉంది. ప్రవరునికి ఇల్లంటే నిత్యకర్మానుష్ఠానం. అందుకే ప్రణయాన్ని తిరస్కరించి, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరాడు. మాకోంబర్ నవలలో క్రిస్మస్ కుటుంబాలు కలిసే పండుగ కావడంతో ఫిన్ ఏకాంతం లోటుగా కనిపిస్తుంది. క్యారీ సంకటం వేరు: ఆశ్రయమిచ్చిన మనిషే ఆమె వృత్తికి కావలసిన వార్త. నవలకు బలం ఈ నైతిక ఘర్షణే.

ఇన్యుపియాట్, యూపిక్, అథబాస్కన్ ప్రజలు తరతరాలుగా నివసిస్తున్న అలాస్కా, ఇద్దరి ఏకాంతం కోసం నిర్జనారణ్యంగా మారడం మాత్రం ఈ ప్రక్రియకున్న పెద్ద పరిమితి.